ఎనిమిదింటికి వచ్చినవాళ్లు

హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ సాఫ్ట్‌వేర్ కంపెనీ వెనక గేటు దగ్గర నేను పదకొండేళ్లు పుస్తకం రాశాను. పనివాళ్లలో ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు అన్నీ అందులో ఉండేవి. పదకొండేళ్లలో ఒక్క గీత తప్పు పోలేదు. ఒకసారి గాలిదుమారానికి మా గేటు గది పైరేకు లేచి, ఎగిరి ఎగిరి, నార్సింగిలో ఎవరి దొడ్లోనో పడింది. నా పుస్తకం మాత్రం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంది. మర్నాడు ఆ రేకు మోసుకొచ్చిన మనిషి ఎన్నింటికి వచ్చాడో కూడా అందులోనే రాశాను.

రేకు సంగతి నమ్మకపోయినా నేనేమీ అనుకోను. బాత్రూములు కడిగే ఈరమ్మ మాత్రం ఆ మూడు రోజులూ పనికి వచ్చింది. అది నమ్మాలి.

రెండువేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. సోమవారంనాడు సిటీ బస్సులు ఆగిపోయాయి. ఊడ్చేవాళ్లనూ కడిగేవాళ్లనూ తేవడానికి వాళ్ల కాంట్రాక్టు ఏజెన్సీ ఒక వ్యాను పెట్టింది. మూసాపేట దగ్గర ఎవరో దాని నాలుగు టైర్ల గాలీ తీసేశాక డ్రైవరు మళ్లీ కనపడలేదు. ఇంజనీర్లకు కంపెనీ కార్లు తిరుగుతూనే ఉన్నాయి. తక్కినవాళ్లు ఎట్లా వస్తారన్నది ఎవరూ అడగలేదు. అడగకపోగా ఏజెన్సీ తలుపు మీద ఒక కాగితం అంటించారు: సమ్మె రోజుల్లో వరసగా మూడు రోజులు రానివాళ్ల పేరు తీసేస్తాం.

పేరు తీస్తే ఈఎస్ఐ కార్డు కూడా ఆగుతుంది. ఆ కార్డు మీదే ఈరమ్మ భర్త ఓదెలుకి బుధవారం, శనివారం దవాఖానలో డయాలసిస్ జరుగుతోంది.

మంగళవారం తెల్లవారకముందే లేచి ఆమె అన్నం వండింది. ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసింది. సీసా మీద బొగ్గుతో మూడు గీతలు గీసింది. పొద్దునకు ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. ఓదెలు రోజు మొత్తంలో తాగాల్సిన నీళ్లు అవే. అతని చేతికి అందేచోట సీసా పెట్టి, బిందె మాత్రం అతనికి అందకుండా గడప అవతల పెట్టి, బాలానగర్ షెడ్ల మధ్యనుంచి బయలుదేరింది. మూసాపేట, కూకట్‌పల్లి, జేఎన్టీయూ. మధ్యలో ఎడమ చెప్పు ఉంగటం తెగితే పిన్నీసు పెట్టుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి కొంగు తడిసి వీపుకు అంటుకుపోయింది.

"కాకా, ఎన్నయింది?"

"ఎనిమిదీ నలభై. బాలానగర్‌కెల్లి నడిచొచ్చినవా, పాక్కుంట వచ్చినవా?"

"పోయేటప్పుడు పాకుత. ఇప్పుడైతే నా పేరెక్కియ్యి. మేడమ్‌లు వచ్చే యాల్లయింది."

అందరూ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టి లోపలికి పోతారు. ఈరమ్మ వేలు పెడితే ఆ మిషన్ ఎర్రలైటు వెలిగించి కసురుకుంటుంది. యాసిడ్, ఫినాయిలు తినేయగా ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. అట్లాంటి వేళ్లవాళ్లు నలభై ముగ్గురు ఉన్నారు. వాళ్ల కోసం గేటు గదిలోని పాత కంప్యూటరులో ఒక పేజీ పెట్టారు. పేరు ఎదురుగా రెండు గళ్లు ఉంటాయి. ఒకటి గంటకు, ఒకటి నిమిషాలకు. అవి నింపే పని నాది. మీటలు వెతుక్కుంటూ రెండు గళ్లూ నిండుగా నింపాను. పుస్తకంలోనూ ఎక్కించాను. ఈరమ్మ మూడో అంతస్తుకు ఉరికింది.

బుధవారం ఇంకో ఇరవై నిమిషాలు ముందు వచ్చింది. సూపర్‌వైజరు వీరేశం చేతిలో ముందు రోజు లిస్టుతో నిలబడి ఉన్నాడు.

"ఈరమ్మా, నిన్న ఏడికి పోయినవ్?"

"ఏడికి పోత? నువ్వే గదనే నాకు బ్లీచింగు డబ్బా ఇచ్చింది!"

"ఇచ్చిన. నాకెరుకే. కాయితం మీద ఆబ్సెంట్ అని వచ్చింది."

"నీ కండ్లతోని చూసినవు గద."

"నా కండ్లను హెడ్డాఫీసోళ్లు అడగరు. జర ఆగు, రేపటికి సరయితదిలే."

ఈరమ్మ లిస్టు లాక్కుని చూసింది. చదువు రాదు గాని, ఎవరి పేరు ఏ వరసలో ఉంటుందో ఆమెకు తెలుసు. టిక్కు పడ్డ పేర్లలో పాంట్రీ శివ ఉన్నాడు. వేడి కప్పులు మోసి మోసి వేళ్లు కాలిన మనిషి, వాడి పేరూ నా పేజీలోనే. మంగళవారం పాల లారీకి వేలాడి పది దాటాక దిగాడు.

"పదింటికి వచ్చిన శివ ఉన్నడు, ఎనిమిదింటికి వచ్చిన నేను లేనా?"

"నా మొఖం కంప్యూటర్‌కు నచ్చిందక్కా," అన్నాడు శివ ట్రే తుడుస్తూ. ఈరమ్మ నవ్వకపోయేసరికి వాడూ నవ్వు ఆపేశాడు.

ఆ రోజంతా ఆమె బాత్రూములు కడుగుతూ ఒకటే లెక్క వేసుకుంది. మామూలు రోజుల్లో ఏడింటికి వచ్చేది. అప్పుడెప్పుడూ పేరు పోలేదు. అంటే ఆలస్యానికే తీసేస్తున్నారు. శివ సంగతి ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని పక్కన పెట్టి, రేపు ఇంకా ముందు రావాలని తేల్చుకుంది. సాయంత్రం మళ్లీ నడిచింది. ఓదెలును దవాఖానకు పక్కింటామె రిక్షాలో తీసుకుపోయి తెచ్చింది. సీసాలో రాత్రి గీత దాకా ఉండాల్సిన నీళ్లు అడుగంటాయి. ఈరమ్మ ఆ సీసా చూసి, అతన్ని చూసి, బొగ్గు గీతలు మళ్లీ దిద్దింది.

గురువారం ఐదింటికే గడప దాటింది. కూకట్‌పల్లి దగ్గర రోడ్డు లేదు. వంటావార్పు కోసం నడిరోడ్డు మీద పొయ్యిరాళ్లు పరుస్తున్నారు. ఒకపక్క గుండిగలు, ఇంకోపక్క పోలీసుల తాళ్లు. డప్పు మోగుతోంది. ఒక ఆడమనిషి ఈరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏడికే గంత ఉరుకుడు? బియ్యం ఏరుదువు రా. తెలంగాణ అచ్చేదాక పనులన్ని బందు."

"నాకూ తెలంగాణ గావాలె అక్కా. మా ఇంటాయన రక్తం మాత్రం సమ్మె జెయ్యదు."

ఆమె చెయ్యి వదిలేసింది. ఈరమ్మ గల్లీలు పట్టుకుని, దారి తప్పి, మళ్లీ అడిగి, గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. ఆ రోజు మా గేటు ముందు కూడా ఊరేగింపు పోతోంది. డప్పుల మధ్య ఆమె నాతో ఏదో అంది. వినపడలేదు. పేరు ఎక్కిస్తున్నానని చేత్తో సైగ చేశాను.

శుక్రవారం పొద్దున వీరేశం గేటు బయటే నిలబడి బ్యాడ్జీలు అడిగాడు. మూడు రోజులూ రానివాళ్లు పదిహేను మంది అని లిస్టు. అందులో పద్నాలుగు మంది నా కళ్లముందే ఉన్నారు. వీరేశం ఎవరి మొహం వైపూ చూడలేదు. చెయ్యి మాత్రం చాపాడు.

ఈరమ్మ మెడలోంచి తాడు తీసింది. వెంటనే ఇవ్వలేదు. బ్యాడ్జీలో ఉన్న తన ఫోటోను కొంగుతో తుడిచింది. తరవాత అతని చేతిలో పెట్టింది.

"వీరేశం, రేపు శనివారమే."

"ఎరుకే ఈరమ్మా."

"కార్డు ఎప్పుడు ఆగుతది?"

"సాయంత్రం పేర్లు పంపుతరు."

పద్నాలుగు మందీ కదల్లేదు. పది అయ్యేసరికి దారిన పోయేవాళ్లు కూడా నిలబడి గుంపయింది. తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్న మనిషి ఎవడో గట్టిగా అరిచాడు: "ఆంధ్రోళ్ల కంప్యూటర్ తెలంగాణోళ్ల పేర్లు మింగుతున్నదిరా!" ఆ మాట గుంపులో పాకి, గేటు దాటి, లిఫ్టు ఎక్కి మూడో అంతస్తు చేరింది.

గేటు గది కంప్యూటరులో ఆ పేజీ రాసింది అక్కడ కూర్చునే ప్రిస్కిల్లా. గుడివాడ వైపు అమ్మాయి. ప్రగతి నగర్‌లో అన్నగారింట్లో ఉంటుంది. ఆదివారం చర్చికి, తక్కిన రోజులు ఆఫీసుకి. కంపెనీలో మా అందరి మీద అధికారి రామబ్రహ్మంగారు ఆమెను ఒకసారి చూసి చెప్పమన్నారు. ఆమె తన కంప్యూటరులో ఎనిమిది కొట్టి చూసింది. సరిగా వచ్చింది. తొమ్మిది కొట్టింది. అదీ సరిగానే వచ్చింది. "నా కోడ్‌లో తప్పేం లేదండి" అని చెప్పింది. కింద ఏమంటున్నారో అప్పుడే ఎవరో ఆమె చెవిన వేశారు. పక్క సీటు అమ్మాయిలు ఆమెను కిందికి పోవద్దన్నారు.

కింద ఈరమ్మ గేటు పక్కన సిమెంటు కట్ట మీద కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. ఫోను మోగితే కొంగు చాటున పెట్టుకుని మాట్లాడింది.

"ఊఁ... పనిలనే ఉన్న... ఎండ కొడుతున్నదా? సరే, రెండు గుక్కలు తాగు. రెండే. గీత దాటకు... రేపు పోదాం. ఎందుకు పోం, పోదాం."

ఫోను మడతపెట్టి నా వైపు తిరిగింది.

"కాకా, ఎంత పొద్దుగాల వస్తె నన్ను లెక్కల పెడుతరో అడిగి చెప్పు. మబ్బుల్నే, చుక్కలుండంగనే వస్త. లేకుంటె ఇంటికే పోను, ఈ గేటుకాన్నే పండుకుంట."

పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచాను. "ఇగో, మూడు రోజులూ ఉన్నవ్. ఇది కాలినా చెరిగేది కాదు." ఆమె తన పేరున్న వరస మీద వేలు పెట్టి, "దీన్నెవరన్న చదువుతరా?" అంది.

పన్నెండు దాటాక ప్రిస్కిల్లా దిగి వచ్చింది. ఐడీ కార్డు తాడు పిడికిలికి చుట్టుకుంది. గుంపులోంచి ఎవరో అన్నారు: "వచ్చింది, పేర్లు తినే తల్లి." ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది గాని ఆగలేదు. నేరుగా కట్ట దగ్గరికి వచ్చింది.

"మీ పేరేంటండి?"

ఈరమ్మ తలెత్తింది. "రెండేండ్ల సంది నీ కాళ్లకింద ఊడుస్తున్న బిడ్డా. ఈరమ్మ."

ప్రిస్కిల్లా గేటు గది తలుపు దగ్గరున్న నన్ను చూసి, "తాతగారూ, మంగళవారం ఈవిడకి ఎలా ఎక్కించారో, ఇప్పుడు నా ముందు అలాగే ఎక్కించండి. ఏమీ మార్చకండి," అంది.

నేను కుర్చీలో సర్దుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను. సున్నా కొట్టాను. ఎనిమిది కొట్టాను. నాలుగు కోసం వెతుకుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆ సున్నా ఎందుకండీ?"

"ఖాళీ గడి ఇడువద్దు బిడ్డా. ఎనిమిది ఒక్కటే పెడితే ఎవడో వచ్చి ముందట ఒకటి గీకుతడు, పద్దెనిమిది అయితది. సున్నా పెడితే తాళమేసినట్టు. మా ఊరి బడిల నేర్పిండ్రు."

ఆమె నన్ను లేవమనలేదు. నిలబడే కీబోర్డు లాక్కుని సున్నా ఏడు కొట్టింది. లోపలి లెక్కలో ఏడు అని వచ్చింది. సున్నా ఎనిమిది కొట్టింది. సున్నా వచ్చింది. సున్నా తొమ్మిది. మళ్లీ సున్నా. పది కొడితే పది. రెండోసారి అన్నీ అదే వరసలో కొట్టింది, మొదటిసారి చూసింది అబద్ధం అయితే బాగుండునన్నట్టు.

"అయ్యో ప్రభువా," అంది మెల్లగా.

"ఏందమ్మా?"

"మీరు గడిలో కొట్టేవి అక్షరాలండి. వాటిని అంకెగా మార్చమని నేను రాశాను. ఏ లెక్కలో మార్చాలో చెప్పలేదు. ముందు సున్నా కనపడితే ఈ కంప్యూటరు అది మన పదుల లెక్క కాదనుకుంటుంది. ఇంకో పాత లెక్క ఉంది, అందులో ఏడుతోనే అంకెలు అయిపోతాయి. ఎనిమిదీ తొమ్మిదీ దానికి తెలీవు."

"తెల్వకుంటె తెల్వదని చెప్పాలె గద?"

"చెప్పదండి. సున్నా చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఆపి అడగాల్సింది నేను. అడగలేదు. పైగా సున్నా వస్తే మనిషి రాలేదనే రాసుకున్నాను." ఆమె కీబోర్డు మీంచి చెయ్యి తీసింది. "నేను పరీక్ష చేసినప్పుడు ఉత్త ఎనిమిదే కొట్టానండి. సున్నా పెట్టి రాసేవాళ్లుంటారని నాకు తట్టలేదు."

మామూలు రోజుల్లో వాళ్లంతా ఏడింటికే వచ్చేవారు. బస్సులు ఆగి, కాళ్లు నమ్ముకున్నాకే ఎనిమిదీ తొమ్మిదీ అయ్యాయి. లారీలు ఎక్కి పదింటికి వచ్చినవాళ్లు బతికిపోయారు.

ఈలోగా రామబ్రహ్మంగారు గొడుగు వేసుకుని వచ్చారు. విన్నారు. నా వైపు, కంప్యూటరు వైపు చూశారు.

"అయితే ఇంతేగా. సున్నా కొట్టొద్దని ఇక్కడో కాగితం అంటించండి. గేటువాడు తప్పు కొడితే మీరు తప్పు ఒప్పుకోవడమేంటమ్మా? అసలే బయట మీ గురించి ఏమంటున్నారో విన్నారా? రేపు మీ పేరుతో నినాదాలిస్తారు."

ప్రిస్కిల్లా తాడు పిడికిలికి ఇంకో చుట్టు తిప్పింది. తలుపు అవతల ఈరమ్మ నిలబడి ఉంది. లోపలికి రావడానికి ఇప్పుడు ఆమెకు అనుమతి లేదు.

"మరి వీళ్ల మూడు రోజులూ?" అంది చివరికి.

"వచ్చారని రుజువుంటే చూద్దాం. లేకపోతే ఏజెన్సీ చూసుకుంటుంది."

"రుజువు నా తాన ఉన్నది సార్!" అని పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఛాతీ కొంచెం ముందుకే వచ్చి ఉంటుంది. ఆయన మంగళవారం చూశారు. బుధవారం చూశారు. గురువారం పేజీ దగ్గర ఆగి, పేజీని వెలుతురుకు వంచారు.

"నర్సయ్యా, నలభైమంది ఒకే సిరాతో, ఒకే చేతివాటంతో, ఒక్క కొట్టివేత లేకుండా వచ్చారేమయ్యా? ఇందులో ఈరమ్మ ఎనిమిదీ పదికి వచ్చింది. ఆవిడేమో తొమ్మిది దాటాక వచ్చానని వీరేశంతో చెప్పిందట."

గురువారం కంప్యూటరులో ఎవరిది వాళ్లు రాగానే ఎక్కించాను. పుస్తకం తరవాత రాయొచ్చులే అని ఊరేగింపు చూడ్డానికి రోడ్డెక్కాను. డప్పు వింటే నా కాళ్లు నిలవవు. అన్నం తిన్నాక కూర్చుని పేజీ మొత్తం గుర్తున్నట్టు నింపేశాను.

"మనసుల ఉన్నట్టు రాసిన సార్," అన్నాను.

దాచి లాభం లేదు, మీకూ చెప్పేస్తాను. పదకొండేళ్ల పుస్తకంలో వానాకాలం పేజీలు సగం అట్లాంటివే. క్రికెట్ ఉన్న రోజులైతే మొత్తం అట్లాంటివే. ఆ రేకు కూడా పక్క ప్రహరీ దాటలేదు.

రామబ్రహ్మంగారు పుస్తకం మూశారు. "ఒక పేజీ అబద్ధమైతే తక్కినవి నిజమని హెడ్డాఫీసుకి ఎలా చెప్పను?"

ఈరమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తలుపు చట్రం పట్టుకుని మెల్లగా అక్కడే కూలబడింది. పిన్నీసు పెట్టిన చెప్పు ఊడి పక్కకు పడింది. ఎవరితోనో కాదు, నేలతో అన్నట్టు, "రేపు శనివారం," అంది.

ప్రిస్కిల్లా ఆమె వైపు చూసింది. వంగి ఆ చెప్పు తీసి ఆమె పాదం దగ్గర పెట్టింది. తరవాత కంప్యూటరు దగ్గరికి పోయి గబగబా ఏవో కొట్టింది. తెర మీద గళ్లు గళ్లుగా పేర్లు పరుచుకున్నాయి.

"సార్, ఇలా రండి. ఈ మూడు రోజులూ నిజంగా రానివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"వసంత," అన్నాడు వీరేశం గుమ్మంలోంచి. "ఊరికి పోయింది. బస్సుల్లేక ఆడనే చిక్కింది."

"వసంత వరస చూడండి. ఏమీ లేదు. ఖాళీ. గేటు దగ్గర ఎవరూ ఏమీ కొట్టలేదు గనక ఇక్కడికి ఏమీ రాలేదు. ఇప్పుడు ఈరమ్మగారిది. మంగళవారం సున్నా గంటల నలభై నిమిషాలు. బుధవారం సున్నా గంటల ఇరవై. గురువారం సున్నా గంటల ఐదు. పగటి డ్యూటీ మనిషి అర్ధరాత్రి పన్నెండూ నలభైకి వస్తుందా సార్?"

రామబ్రహ్మంగారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఎవరో వచ్చి నిలబడితేనే కదండీ తాతగారు ఏదో ఒకటి కొడతారు. ఎనిమిదో తొమ్మిదో కొడితేనే అది సున్నా అవుతుంది. ఈ లిస్టులో సున్నా ఉన్న ప్రతిచోటా ఒక మనిషి వచ్చి ఉన్నట్టే. వాళ్లు రాలేదనడానికి మనం చూపించిన సున్నాయే వాళ్లు వచ్చారనడానికి రుజువు."

ఆయన ఒక్కొక్క వరసా వేలు పెట్టి చూశారు. పద్నాలుగు వరసలు, మూడేసి సున్నాలు.

"హెడ్డాఫీసుకి ఏమని రాయమంటారు?"

"మీరొద్దు సార్. నేను రాస్తాను. తప్పు నాదని."

అక్కడే, నా కుర్చీ పక్కన నిలబడి రాసింది. పేర్లు పెట్టేటప్పుడు లిస్టు చూడలేదు. తలుపు దగ్గరికి పోయి ఒక్కొక్కళ్లనూ అడిగింది. "మీ పేరండీ? ఇంటిపేరూ?" గుంపులో అరుపులు సద్దుమణిగాయి. పేరు అడిగినప్పుడు జవాబు చెప్పే గొంతులే వినపడ్డాయి. పద్నాలుగో పేరు అయ్యాక ఉత్తరం పంపి, కుర్చీలో కూర్చుని, అరచేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రంలోగా ఆ పేజీ మార్చింది. సున్నా పెట్టినా పెట్టకపోయినా ఎనిమిది ఎనిమిదే అయింది. కంప్యూటరుకు అర్థం కానిది ఏదైనా కొడితే అది ఎర్రగా ఆగి మళ్లీ అడగడం మొదలుపెట్టింది. నేను ఏం కొట్టానో అది కొట్టినట్టే పక్కన దాచుకుంటోంది కూడా. నాకు అది కొంచెం అవమానంగానే ఉంది.

మూడింటికి వీరేశం బ్యాడ్జీలు తిరిగి ఇచ్చాడు. ఈరమ్మ తాడు మెడలో వేసుకుని, "ఇంక రెండు గంటల పనుంది," అని బకెట్ తీసుకుని లోపలికి పోయింది. శనివారం ఓదెలు పేరు దవాఖానలో పిలిచారు.

వసంత పేరు మాత్రం పోయింది. పద్నాలుగు మందిని నిలబెట్టిన ఆ ఖాళీ వరసే ఆమెను తీసేసింది. ఆమె కోసం గేటు దగ్గర ఎవరూ గుంపు కట్టలేదు. నేనూ కట్టలేదు.

ఇందులో నేను కల్పించింది ఇంకొకటుంది. తలకు ఎర్ర తువ్వాల చుట్టుకున్న మనిషి ఎవడూ లేడు. ఆ మాట అరిచింది నేనే. నా పుస్తకం మీద నాకున్న నమ్మకం అట్లాంటిది. తప్పు నా వేలి కింద ఉంటే నేను మూడో అంతస్తు వైపు చూపించాను. ఆ మాటకు భయపడి ఆ పిల్ల రెండు గంటలు కిందికి దిగలేదు. ఆ రెండు గంటలు ఈరమ్మ కట్ట మీద కూర్చుని ఉంది. అది మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు.